మేతలో రాగి: ఎంత మేలు, ఎంత చేటు?

మైలుతుత్తం తెలియని రైతు ఉండడు. నీలిరంగు పలుకులుగా దొరికే దీనిని శాస్త్రజ్ఞులు కాపర్ సల్ఫేట్ అంటారు. సున్నంతో కలిపి తెగుళ్ళకు చల్లే బోర్డో మిశ్రమం దీనితో చేసినదే. ఈ మైలుతుత్తాన్నే అతి కొద్దిగా పశువుల దాణాలోనూ కలుపుతారు. బూజును చంపే పదార్థం పశువుకు పోషకం ఎలా అవుతుంది?

1928లో అమెరికాలోని విస్కాన్సిన్ శాస్త్రజ్ఞులు పాలు మాత్రమే తాగి రక్తహీనత వచ్చిన ఎలుకలకు శుద్ధమైన ఇనుము ఇచ్చి చూశారు. గుణం కనిపించలేదు. రవంత రాగి చేర్చగానే రక్తం పట్టింది. ఇనుము హీమోగ్లోబిన్‌గా మారడానికి రాగి తోడు కావాలన్నమాట! 1937లో ఆస్ట్రేలియాలో గొర్రెపిల్లలు కాళ్ళు తడబడి కూలిపోయే జబ్బుకు రాగి కొరతే కారణమని తేలింది.

మేతలో రాగి ఉన్నా ఒక్కొక్కప్పుడు ఒంటికి పట్టదు. నెమరువేసే జంతువు పొట్టలో మాలిబ్డినం, గంధకం కలిసి రాగిని బంధిస్తాయి. మనుషుల విషయంలోనూ మాలిబ్డినం ప్రభావం ఉంది. మాలిబ్డినం ఎక్కువగా ఉన్న జొన్న తిన్నవారి మూత్రంలో రాగి ఎక్కువగా పోతున్నదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించారు.

కొరత తీర్చడానికి రాగి ఎంతైనా పెట్టవచ్చా? వీల్లేదు. ముఖ్యంగా గొర్రెకు. ఎక్కువైన రాగిని గొర్రె త్వరగా విసర్జించలేదు. అది కాలేయంలో వారాలు, నెలల తరబడి పేరుకుంటుంది. అంతవరకు గొర్రె ఆరోగ్యంగానే కనబడుతుంది. ఒకనాడు ఆ రాగి ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. ఎర్రకణాలు పగిలిపోతాయి. కళ్ళు పచ్చబడి, మూత్రం నల్లెరుపై, రెండు మూడు రోజులలో గొర్రె చనిపోవచ్చు.

పందిపిల్లలు మాత్రం ఎక్కువ రాగితో బాగా పెరుగుతాయి. కాని తిన్న రాగిలో చాలా భాగం పేడలోకి పోయి, ఎరువుతోపాటు నేలలో చేరుతుంది.

అందుకే ప్రభుత్వాలు హద్దులు పెట్టాయి. ఐరోపా సమాఖ్య 2018లో చేసిన నియమం ప్రకారం కిలో దాణాలో మొత్తం రాగి గొర్రెకు 15, నెమరువేసే పశువుకు 30, మేకకు 35, పాలు మాన్పిన నాలుగు వారాల వరకు పందిపిల్లకు 150 మిల్లీగ్రాములు మించరాదు. మన దేశంలో పశువుల దాణాకు, ఖనిజ మిశ్రమానికి భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణాలు నిర్ణయించింది.

ఒక చిన్న లెక్క చూద్దాం. మైలుతుత్తంలో రాగి సుమారు నాలుగో వంతు. గొర్రెల దాణా 100 కిలోలకు రాగి హద్దు 1.5 గ్రాములు, అంటే సుమారు 6 గ్రాముల మైలుతుత్తం. గింజల్లో, చెక్కలో సహజంగా ఉన్న రాగి కూడా ఇందులోనే లెక్క. కనుక కలపవలసింది ఇంకా తక్కువ. సరిగా కలియకపోతే ఒక గొర్రెకు ఏమీ అందదు, మరొక గొర్రెకు విషమే అందుతుంది.

వినుకొండ వంటి పత్తి, మిరప ప్రాంతాలలో మరో జాగ్రత్త అవసరం. మిరపకు కాపర్ ఆక్సీక్లోరైడ్ చల్లితే ఆకులపై రాగి మిగులుతుంది. అలాంటి చేలో గొర్రెలను వెంటనే మేపకూడదు. ఆవులకోసం చేసిన ఖనిజ మిశ్రమాన్ని గొర్రెలకు పెట్టకూడదు. మీ ఊళ్ళో దాణా సంచి కనబడితే దానిమీద ఏ జంతువు పేరు ఉందో చదివి, మందను కాచేవారికి చెప్పండి.