పలకలు మార్చండి... చట్రాన్ని కాపాడుకోండి
మేకల మంచె కొట్టం మరమ్మతులో మెలకువలు

శాంతిపురం: కుప్పం, రామకుప్పం, శాంతిపురం పక్క సన్నకారు రైతుకు పంట చేతికి రాని ఏడు ఇల్లు నడిపేది పాడి, జీవాలే. పది ఇరవై మేకలున్న ఇంట్లో వాటి కొట్టం బాగుందా లేదా అన్నది చిన్న సంగతి కాదు. ముఖ్యంగా వానాకాలంలో నేల మీద కట్టేసిన జీవాలు మూత్రం, బురదలో తడుస్తూ గిట్టల పుండ్లు, దగ్గు తెచ్చుకుంటాయి. అందుకే కొందరు మంచె కొట్టాలు కట్టుకున్నారు. నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తున దూలాలు వేసి, వాటి మీద సందులు విడుస్తూ పలకలు పరిస్తే పెంటికలు, మూత్రం కిందికి జారిపోతాయి. జీవం పొడిగా పడుకుంటుంది, ఎరువూ ఒకచోట దొరుకుతుంది. కేరళలోనూ, మలేషియా లాంటి వానలెక్కువ దేశాల్లోనూ ఇది పాత పద్ధతే.

చిక్కల్లా పలకలతోనే. మూత్రంలో నానేదీ, గిట్టల కింద అరిగేదీ అవే. కాబట్టి ముందు పోయేదీ అవే. కింద గాలి తగిలే నీడలో ఉండే గుంజలు, దూలాలు అంత త్వరగా చెడవు. అయినా పలకలు పుచ్చగానే ‘మొత్తం పీకేసి కొత్తది కట్టేద్దాం’ అనుకునే వాళ్ళున్నారు. గట్టిగా ఉన్న చట్రాన్ని పడగొట్టడమంటే సగం డబ్బు చేతులారా పారేసుకోవడమే. అట్లాగని పుచ్చిన దూలం మీద కొత్త పలకలు కొడితే ఆ ఖర్చూ దండగే, జీవాలకూ ప్రమాదమే.

ముందు చట్రాన్ని చూడండి

ఒక్క పలకైనా పీకక ముందే కొట్టం కిందికి దూరి చట్రాన్ని పరీక్షించాలి. సుత్తితో తట్టితే గట్టి కర్ర ఖంగున మోగుతుంది. లోపల డొల్లబడిన కర్ర బొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మొన మాత్రమే దిగితే పరవాలేదు. అరంగుళం లోపలికి సులువుగా దిగితే అది పుచ్చిందని గుర్తు.

మూడు చోట్ల ఎక్కువగా చూడాలి. ఒకటి, గుంజ మట్టిలోకి దిగే చోటు. అక్కడ జానెడు లోతు తవ్వి చెదలు, కుళ్ళు ఉన్నాయేమో చూడండి. రెండు, దూలం నెత్తి, అంటే పలక ఆనుకునే తావు. తడి అక్కడే నిలుస్తుంది. మూడు, పాత మేకు రంధ్రాలు. వాటి వెంబడే నీరు లోపలికి దిగుతుంది.

గుంజ పాదం ఒక్కటే చెడితే గుంజ మొత్తం తీసేయనక్కర లేదు. దూలానికి పక్కనే గట్టి పోటు పెట్టి, చెడిన పాదం కోసేసి, రాతి దిమ్మె మీదో సిమెంటు దిమ్మె మీదో నిలబెట్టి పట్టీలతో బిగించవచ్చు. రాతి కూసాల మీద దూలాలు వేసుకున్న వారికి ఈ బాధే ఉండదు.

ఏ కాలం మంచిది?

మన పడమటి మండలాలకు నైరుతి వానలూ పడతాయి, ఈశాన్య వానలూ పడతాయి. కాబట్టి సంక్రాంతి దాటినాక, మామిడి వానలు రాకముందే ఈ పని పెట్టుకోవాలి. పలకలు తీసిన దూలాలు రెండు మూడు రోజులు ఎండకు ఆరడం అవసరం.

పలక ఊడదీసే పద్ధతి

పలకలన్నీ ఒకేసారి పీకవద్దు. దూలాలు పక్కకు ఒరగకుండా పట్టి ఉంచేది పలకలే. ముందుగా గుంజల మధ్య ఏటవాలుగా రెండు కర్రలు కొట్టి, కొట్టాన్ని రెండు భాగాలు చేసుకుని, ఒక సగం పూర్తయినాకే రెండో సగం మొదలుపెట్టాలి. పని అయ్యేదాకా జీవాలను వేరేచోట కట్టేయండి.

గడ్డపార నేరుగా దూలం మీద ఆనించి పలకను లేపితే దూలం అంచు చితికిపోతుంది. చితికిన చోట నీరు నిలిచి కుళ్ళు మొదలవుతుంది. గడ్డపార కింద తప్పనిసరిగా ఒక చెక్కముక్క పెట్టండి. ఇంకా మంచి పద్ధతి, ఒకరు కిందినుంచి దూలానికి ఆనుకునే పలకను చెక్క సుత్తితో పైకి తట్టడం. మేకు కాస్త లేస్తుంది. అప్పుడు పలకను తిరిగి కిందికి అదిమితే మేకు తల పైకి తేలుతుంది. దాన్ని పటకారుతో పీకేయవచ్చు.

మేకు తల తుప్పుపట్టి ఊడిపోతే బలవంతం చేయవద్దు. దూలానికి రెండు పక్కలా పలకను రంపంతో కోసి, దూలం మీద మిగిలిన ముక్కను పోగు వెంబడి ఉలితో చీల్చండి. మేకు మొండెం బయటపడుతుంది. రాకపోతే దూలం మట్టానికి కోసేయండి.

తీసిన ప్రతి మేకూ ఒక డబ్బాలో వేయాలి. చివర్లో అయస్కాంతం తాడుకు కట్టి కొట్టం చుట్టూ నేల మీద ఈడ్చండి. గడ్డితో పాటు ఆవు మేకు మింగితే అది కడుపులో గుచ్చుకుని గుండె దాకా పోవచ్చు. మనిషి కాలికి తుప్పు మేకు దిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి ధనుర్వాతం సూది వేయించుకోవాలి. ధనుర్వాతం మేకలకూ వస్తుంది.

దూలం నెత్తికి గొడుగు

బయటపడిన దూలాన్ని గీకి, పెంట వదిలించి, ఎండనివ్వాలి. మేకు రంధ్రాల్లో చెక్క బిరడాలు కొట్టి మట్టం చేయాలి. ఆపైన పాత ట్రాక్టర్ ట్యూబును పట్టీలుగా కోసి దూలం నెత్తి మీద పరవండి. పట్టీ రెండు పక్కలా అరంగుళం బయటికి ఉండాలి. పలక సందుల్లోంచి జారే మూత్రం దూలాన్ని తాకకుండా కిందపడుతుంది. వాడేసిన ఇంజను ఆయిలు మాత్రం పలకలకు పూయవద్దు. మేకలు నాకితే విషం.

కొత్త పలకలు

పలక వెడల్పు 3 నుంచి 4 అంగుళాలు, మందం అంగుళంన్నర ఉంటే మంచిది. పెద్ద జీవాలకు పలకల మధ్య సందు ఒకటిన్నర సెంటీమీటరు, పిల్లలుండే గదికి ఒక సెంటీమీటరు చాలు. సందు ఎక్కువైతే కాలు ఇరుక్కుని విరుగుతుంది, తక్కువైతే పెంటికలు నిలిచిపోతాయి. కొలతకు తగ్గ చెక్కముక్క ఒకటి చేసుకుని ప్రతి సందులో పెట్టి చూసుకోండి.

పచ్చి నీలగిరి పలక వంకర పోతుంది, పగులుతుంది. ఎండేకొద్దీ కుంచించుకుపోయి సందు పెరుగుతుంది. కోయించిన పలకల మధ్య పుల్లలు పెట్టి, నీడన రెండు మూడు నెలలు ఆరబెట్టినాకే వాడండి. మేకుల కన్నా తుప్పుపట్టని స్క్రూలు మేలు. ముందు డ్రిల్లుతో రంధ్రం వేసి బిగిస్తే పలక చీలదు. మళ్ళా ఏడాదికో రెండేళ్ళకో ఒక పలక చెడితే ఆ ఒక్కటే విప్పి మార్చుకోవచ్చు.

లెక్క ఇదీ

ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు కొట్టంలో ఇరవై పెద్ద జీవాలు ఉండవచ్చు. పది అడుగుల పొడవు, 4 అంగుళాల వెడల్పు పలకలైతే 52 పడతాయి. అంగుళంన్నర మందానికి సుమారు 22 ఘనపుటడుగుల కర్ర కావాలి. రెండడుగులకొక దూలం చొప్పున ఆరు దూలాలుంటే, దూలానికి రెండేసి స్క్రూలు, మొత్తం 624. చట్రం నిలబెట్టుకున్న రైతుకు కర్ర ఖర్చు ఇంతటితో సరి. గుంజలు, దూలాలు, పైకప్పు మళ్ళా కొనే పని లేదు.

ఆరు దూలాల్లో ఒకటి చెడితే దాన్ని మార్చండి, లేదా పక్కనే కొత్త దూలం జతచేసి బోల్టులతో బిగించండి. మూడు చెడితే మాత్రం ఆశ వదులుకోవడమే మేలు. ముప్పై నలభై కిలోల జీవాలు ఇరవై ఉంటే ఏడెనిమిది వందల కిలోల దాకా బరువు. రాత్రి కుక్క మొరిగితే అవన్నీ బెదిరి ఒకే మూలకు పోతాయి. చట్రం తట్టుకోవాల్సింది ఆ క్షణాన్ని. అందుకే పలకలు కొనేముందు సుత్తి పట్టుకుని కొట్టం కిందికి దూరండి. వడ్రంగిని వెంట పెట్టుకుని చూస్తే ఇంకా మంచిది.