ఆరిన మందు చుక్క చుట్టూ గట్టు ఎందుకు?

గచ్చు మీద పడ్డ కాఫీ చుక్క ఆరాక గమనించండి. నడుమ లేత రంగు, అంచున ముదురు గీత కనబడుతుంది. పొడి మందు కొట్టిన ఆకుల మీద తెల్లని ఉంగరాల్లాంటి మచ్చలు పడేదీ ఇలాగే.

1997లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దీని కారణం వివరించారు. చుక్క అంచు పడిన చోటే అంటుకుని ఉంటుంది, లోపలికి జరగదు. అంచు దగ్గర ఆవిరి గాలిలోకి తేలిగ్గా పోతుంది కనుక అక్కడ నీరు త్వరగా ఆరుతుంది. ఆ లోటు పూడ్చడానికి నడిమి నీరు అంచు వైపు పారుతుంది. కాలువ నీరు ఒండ్రును మోసుకుపోయినట్టు, ఆ నీరు మందు రేణువులను మోసుకెళ్లి అంచున గట్టు కడుతుంది.

దీంతో రైతుకు పనేమిటంటారా? మాంకోజెబ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ వంటి మందులు పడిన చోటే కాపలా కాస్తాయి. ఆకు లోపలికి పాకి పనిచేసేవి కావు. గట్టు మీద మందు దండిగా ఉన్నా, నడుమ పలుచగా ఉంటుంది. చుక్కకూ చుక్కకూ మధ్య అసలే ఉండదు. తెగులుకు ఆ సందు చాలు. తెగులు ఆగలేదని మోతాదు పెంచితే గట్టు మందమవుతుందే గానీ సందు పూడదు. ఖర్చు పెరుగుతుంది, ఆకు మాడే ప్రమాదమూ ఉంది.

రైతులు ఈ జాగ్రత్తలు పాటించాలి:

* పొడి మందును ముందు కొద్ది నీటిలో కర్రతో బాగా కలిపి, వడగట్టి ట్యాంకులో పోయాలి. కొట్టేటప్పుడు అడుగున పేరుకోకుండా చూడాలి.

* అరిగిన నాజిల్ బిళ్లను మార్చాలి. చుక్క అడ్డుకొలత సగమైతే అదే నీటితో ఒక చుక్కకు బదులు 8 చుక్కలు పడతాయి, తడిచే మేర రెట్టింపవుతుంది.

* ఉల్లి, కాబేజీ ఆకులకు మైనపు పూత ఉంటుంది, నీరు జారిపోతుంది. లేబుల్ మీద చెప్పిన మేరకు జిగురు మందు కలపాలి. గట్టు పూర్తిగా పోకున్నా చుక్క వెడల్పుగా పరుచుకుంటుంది.

* మిట్ట మధ్యాహ్నం, గాలి వీచేటప్పుడు కొట్టరాదు. సన్న చుక్కలు గాలికి కొట్టుకుపోతాయి, ఎండకు దారిలోనే ఆరిపోతాయి.

మందు ఆరాక నాలుగైదు మొక్కల ఆకులు పైనా కిందా తిప్పి చూడండి. పెద్ద ఉంగరాలు దూరం దూరంగా కనబడితే మందు డబ్బాను కాదు, ముందు నాజిల్‌ను అనుమానించండి.