కిందికి దించిన కారు.. వెడల్పు టైర్లు.. రెండూ కలిస్తే ముప్పే!

తణుకు: పాత చిన్నకారు కొనడం, స్ప్రింగులు కోయించి కిందికి దించడం, ఆపై వెడల్పాటి టైర్లు బిగించడం యువతకు సరదా. చూపునకు అది రేసు కారును తలపిస్తుంది. పొడి రోడ్డుపై మలుపుల్లో పట్టు పెరుగుతుందన్న మాటలోనూ కొంత నిజముంది. అయితే ఈ రెండు మార్పులూ ఒకే జాగాను తినేస్తాయని చాలామంది గుర్తించడం లేదు. టైరుకు, దానిపైనున్న మడ్‌గార్డుకు మధ్య ఉండే ఖాళీయే ఆ జాగా.

అంకెలు చెప్పేదేమిటి?

టైరు పక్కన 185/65 ఆర్‌ 15 అని ఉంటే 185 వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతమని అర్థం. 15 అనేది రిమ్ము కొలత అంగుళాల్లో. స్విఫ్ట్‌ కారులో కొన్ని రకాలకు 165/80 ఆర్‌ 14, మరికొన్నింటికి 185/65 ఆర్‌ 15 టైర్లను కంపెనీయే అమర్చింది. వెడల్పు 20 మి.మీ. పెరిగినా మొత్తం ఎత్తు రెండింటికీ దాదాపు 620 మి.మీ.లే. వెడల్పు పెంచినపుడు గోడ తగ్గించాలన్నదే ఇందులోని సూత్రం.

దీన్ని పట్టించుకోకుండా 205/65 ఆర్‌ 15 బిగిస్తే ఎత్తు 647 మి.మీ. దాటుతుంది. టైరు పైకి 13 మి.మీ., లోపలికి, వెలుపలికి 10 మి.మీ. చొప్పున జరుగుతుంది. మీటరు 100 చూపుతుంటే కారు నిజానికి 104 కి.మీ. వేగంతో వెళ్తుంటుంది. పైగా 205 టైరుకు కనీసం అయిదున్నర అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. అయిదంగుళాల రిమ్ముకు దాన్ని ఎక్కించడం తగదు.

బరువెక్కితేనే బయటపడుతుంది

కారును 40 మి.మీ. దించి, ఈ టైరు కూడా వేస్తే మడ్‌గార్డు కింద 53 మి.మీ. ఖాళీ పోయినట్లే. ఒక్కరే నడుపుతున్నపుడు ఇబ్బంది తెలియదు. అయిదుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెట్టి, ఊరి స్పీడ్‌బ్రేకరు దాటితే టైరు మడ్‌గార్డు అంచును ఒరుసుకుంటుంది. స్టీరింగును పూర్తిగా తిప్పినపుడు ముందు టైరు లోపలి భాగాలకు, బ్రేకు పైపునకు తగలవచ్చు. రోజూ కొంచెం కోసుకుపోయిన గోడ వేడెక్కి, జాతీయ రహదారిపై వేగంలో ఉండగా పేలితే కారు అదుపు తప్పుతుంది.

కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది. షాక్‌ అబ్జార్బర్లు త్వరగా పాడవుతాయి. చక్రాల వాలు మారి టైర్ల లోపలి అంచు అరిగిపోతుంది. వానల్లో నీరు నిలిచిన రోడ్డుపై వెడల్పు టైరు పట్టు వదిలి తేలే అవకాశం ఎక్కువ. మైలేజీ సైతం తగ్గుతుంది.

చట్టం ఏమంటోంది?

కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. బీమా సంస్థకు చెప్పకుండా చేసిన మార్పుల వల్ల ప్రమాద పరిహారం చిక్కుల్లో పడవచ్చు.

ఇవి పాటిస్తే మేలు

* డ్రైవరు తలుపు వద్ద అతికించిన పట్టీలో, కారు పుస్తకంలో ఉన్న సైజులనే ఎంచుకోవాలి.
* బరువు మోసే సంఖ్య పాత టైరు కంటే తగ్గరాదు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది.
* ఇప్పటికే దించిన కారు కొన్నట్లయితే ముందు అసలు స్ప్రింగులు వేయించి, అలైన్‌మెంట్‌ చేయించాలి.
* కొత్త టైర్లు వేశాక కారు నిండా మనుషుల్ని కూర్చోబెట్టి, స్టీరింగును రెండువైపులా చివరిదాకా తిప్పి చూడాలి. ఎక్కడ ఒరుసుకున్నా ఆ టైర్లు వద్దనుకోవడమే మంచిది.

మడ్‌గార్డు అంచును సుత్తితో వంచితే సరిపోతుందని చెప్పే మాటలు నమ్మరాదు. చప్పుడు ఆగవచ్చు కానీ ముప్పు ఆగదు.