మొగిపురుగుకు పగవారు, రైతుకు చుట్టాలు



గోదావరిఖని చుట్టుపక్కల, పెద్దపల్లి, మంథని వైపు వరి వేసే మీ అందరికీ మొగిపురుగు తెలిసినదే. పిలక దశలో మొగి ఎండి, పీకితే చేతికి వస్తుంది. ఈనిన తరువాతనైతే తెల్లకంకి. తెల్లకంకి వచ్చాక ఏ మందు కొట్టినా ఆ కంకి గింజ కట్టదు. కనుక పురుగును గుడ్డులోనే పట్టవలె. ఆ పని కూలి అడగకుండా చేసే చిన్న చిన్న కీటకాలు మీ పొలంలోనే ఉన్నవి. వీటిని పరాన్నభుక్కులంటారు. చీమ కన్నా చిన్నవి. చూపులో కందిరీగకు చుట్టాలు.

మొగిపురుగు తల్లి ఆకు కొన మీద గుడ్లను ముద్దగా పెట్టి, గోధుమరంగు నూగు కప్పుతుంది. టెలినోమస్ అనే నల్లని కీటకం ఆ తల్లి ఒంటినే పట్టుకొని వచ్చి, నూగు కప్పేలోగా ఆ గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. టెట్రాస్టికస్‌కు పొడవైన ముల్లు ఉన్నది, నూగులోంచి కూడా గుచ్చగలదు. దాని పిల్ల ఒక్క గుడ్డుతో ఆగదు, పక్క గుడ్లనూ తింటుంది.

మరి మొగిపురుగు పూర్తిగా ఎందుకు పోదు అంటారా? పురుగు పెరిగితే తిండి దొరికి ఇవీ పెరుగుతవి. పురుగు తగ్గితే ఇవీ తగ్గుతవి. అందువల్ల పురుగు హద్దులో ఉంటుంది. బొగ్గుబాయిలో కప్పు నిలవడానికి కొంత బొగ్గును పిల్లర్లుగా వదులుతారు గదా! పొలంలో నాలుగు పురుగులు మిగలడం అటువంటిదే.

అదను చూడక మందు కొడితే బయట తిరిగే మిత్రకీటకాలు చస్తవి, కాండంలో దాగిన పురుగు బతుకుతుంది. ఇండోనేషియాలో ఇట్లాగే మిత్రకీటకాలు చచ్చి సుడిదోమ పెచ్చరిల్లింది. 1986లో ఆ ప్రభుత్వం వరిపై 57 మందులను నిషేధించింది.

ఇక మీరు చేయవలసినది. నాటు వేసే ముందు నారు కొనలు తుంచండి. గుడ్లముద్దలున్న కొనలను కాల్చవద్దు. నీళ్ల పళ్లెంలో రెండు చుక్కల నూనె వేసి, నడుమ రాయి పెట్టి, దానిపై చిన్న బుట్టలో కొనలు ఉంచి, పొలం గట్టున పెట్టండి. పాకివచ్చే పిల్లపురుగులు నీళ్లలో పడతవి. మిత్రకీటకాలు ఎగిరి పొలం చేరుతవి. చదరపు మీటరుకు ఒక తల్లిపురుగు గాని, ఒక గుడ్లముద్ద గాని కనిపిస్తేనే మందు మాట ఆలోచించండి.

వారానికి ఒకసారి పొలంలో దిగి, ఆకు కొనలు చూసి, ఆ తరువాతనే మందు దుకాణానికి పొండి.