గుడారంలో ఒక రాత్రి: నీటి లెక్క, వెలుగు లెక్క

కోకాపేట ఆకాశహర్మ్యాలలో నివసించే కుటుంబాలకు నీరు, కరెంటు ఎక్కడి నుండి వస్తాయో చూడవలసిన అవసరం కలగదు. కరెంటు పోయిన కొద్ది క్షణాలకే జనరేటరు అందుకుంటుంది. వచ్చినవి ట్యాంకరు నీళ్లో, పైపు నీళ్లో ఇంటి కుళాయి చెప్పదు. సెలవులు వస్తే ఈ కుటుంబాలే గుడారాన్ని కారులో వేసుకొని వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండలకు బయలుదేరుతున్నాయి. మూసీ నది పుట్టేది అక్కడే. 1908 వరద నగరాన్ని ముంచెత్తిన పిమ్మట మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఆ నదిపై నిర్మించి, 1920లో పూర్తి చేసిన ఉస్మాన్ సాగర్, అనగా మన గండిపేట చెరువు, కోకాపేటకు పొరుగునే ఉంది. కాబట్టి ఈ ప్రయాణం ఒక విధంగా మన నీటికి ఎదురు నడవడమే.

కుళాయి, ప్లగ్గు లేని చోట రాత్రి గడపాలంటే ముందు లెక్క వేసుకోవాలి. తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్లు, వంటకు ఒకటి, కాలకృత్యాలకు రెండు, మూడు. ఇక మిగిలేది వుజూ. ధారాళంగా వచ్చే కుళాయి నిమిషానికి ఆరు లీటర్ల పైనే వదులుతుంది. కుళాయి విప్పి ఉంచి తీరికగా వుజూ చేస్తే ఒక్కరికే పది లీటర్లు ఇట్టే పోతాయి. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నుండి ఐదు ముద్‌ల నీటితో గుస్ల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ముద్ అంటే సుమారు ముప్పావు లీటరు. కొందరు ఫిఖ్‌హ్ పండితుల కొలతలో లీటరుకు దగ్గర. ఆ ప్రకారం ఐదు పూటలకు ఒక మనిషికి నాలుగైదు లీటర్లు చాలు. అందరికీ కలిపి ఐదుగురి కుటుంబానికి ఒక రోజుకు ఇరవై లీటర్ల క్యాన్లు మూడు సరిపోతాయి.

క్యాను నుండి నేరుగా వంచుకోకుండా లోటాలోకి తీసుకుంటే ఎంత వాడుతున్నదీ కంటికి తెలుస్తుంది. పూర్తి వుజూతో తొడుగుకున్న తోలు మేజోళ్లపై మసహ్ చేయడానికి స్థానికులకు ఒక పగలు, ఒక రాత్రి, ప్రయాణికులకు మూడేసి అనుమతి ఉంది. కాళ్లు కడిగే నీరు అలా మిగులుతుంది.

అసలు చిక్కు నీరు తరిగినప్పుడు వస్తుంది. చివరి రెండు లీటర్లు ఉన్నాయి, పిల్లవాడికి దాహం, ఫజ్ర్ సమయం దగ్గరపడింది. వుజూ నీళ్లతోనే చేయాలని పెద్దవారు పట్టుబడతారు. అది భక్తే, సందేహం లేదు. కానీ దాహానికి అవసరమైన నీటిని దాహానికే ఉంచి తయమ్ముమ్ చేయాలని ఫిఖ్‌హ్ పండితులు స్పష్టంగా చెప్పారు. తయమ్ముమ్ ఆదేశం అవతరించిన సందర్భం కూడా ఇటువంటి విడిదే. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) హారం పోయింది. దాన్ని వెదకడానికి సైన్యమంతా నీరు లేని చోట ఆగిపోయింది. తెల్లవారేసరికి ఆ ఆయత్ అవతరించింది. అయితే దగ్గరలోనే నీరుండగా బద్ధకానికి ఈ సౌలభ్యం వర్తించదు.

బ్యాటరీ సంగతి ఇంకా సూటి. ఇంట్లోని 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టరు బ్యాటరీలో 1800 వాట్-అవర్లు ఉన్నా, లెడ్ రకం కనుక సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. పైగా మోయలేనంత బరువు. ఐదు వందల వాట్-అవర్ల లిథియం పెట్టె మేలు. మార్పిడి నష్టం పోగా సుమారు 420 దక్కుతాయి. ముప్పై వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలకు 240, రెండు ఐదు వాట్ల బల్బులు ఐదు గంటలకు 50, నాలుగు ఫోన్లకు 60. మొత్తం 350. ఎలక్ట్రిక్ కెటిల్‌లో ఒక లీటరు నీరు మరిగిస్తే నూరు వాట్-అవర్లు పోతాయి, కనుక చాయ్ గ్యాసు స్టవ్వు మీదే. అవ్వకో తాతకో శ్వాస యంత్రం అవసరమైతే ఫోన్లు, ఫ్యాను తరువాత చూసుకోవచ్చు. ఇంజను ఆపిన కారు బ్యాటరీ మీద రాత్రంతా ఫ్యాను నడిపితే ఉదయం కారు కదలకపోవచ్చు. నూరు వాట్ల సౌర ఫలక ఎండ బాగా ఉన్న రోజున 350 వాట్-అవర్ల వరకు తిరిగి నింపుతుంది. చెట్ల నీడలో ఆ ఆశ వద్దు.

చలికాలంలో గుడారంలోకి బొగ్గుల కుంపటి తీసుకుపోవడం, పక్కనే జనరేటరు పెట్టుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, నిద్రలోనే పని పూర్తిచేస్తుంది. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ ఇంట్లోవారిపైనే కాలిపోయినప్పుడు, నిప్పు మీకు శత్రువు, పడుకునే ముందు ఆర్పివేయండని దైవప్రవక్త (స) హెచ్చరించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంలో మరికొంత ఉంది: చీకటి పడగానే పిల్లలను లోపల ఉంచడం, నీటితిత్తుల మూతి కట్టడం, పాత్రలు కప్పడం, దీపాలు ఆర్పడం. ఇషా నమాజు తరువాత గుడారంలో ఈ పనులను తలా ఒకటి పంచుకోవచ్చు. క్యాను మూత బిగించే పని చిన్నవాడికి ఇవ్వండి, బల్బు ఆర్పే పని వాడి అక్కకు.