చెవికి అందని ధ్వనికి కోత: ఎంపీ3 పాట చిన్నదయ్యేది ఇలా

సీడీలో సుమారు 53 మెగాబైట్ల స్థలం తీసుకునే అయిదు నిమిషాల పాట, ఎంపీ3 రూపంలో అయిదు మెగాబైట్లలోపే ఇమిడిపోతుంది. ఈ కుదింపుకు మానవ శ్రవణశక్తికి ఉన్న పరిమితులే ఆధారం.

సీడీ కోసం ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా నమోదు చేస్తారు. కుడి, ఎడమ ఛానెళ్లు కలిపి సెకనుకు 14,11,200 బిట్లు అవసరమవుతాయి. ఎంపీ3లో విస్తృతంగా వాడిన ఒక స్థాయికి 1,28,000 బిట్లు చాలు. అంటే దాదాపు పదకొండో వంతు.

మరుగున పడే శబ్దాలు

ఒక గట్టి శబ్దం వినిపిస్తున్నప్పుడు, దానికి దగ్గరి పౌనఃపున్యంలో ఉన్న మెల్లని శబ్దాన్ని చెవి గుర్తించలేదు. గట్టి శబ్దం ఆగిన తర్వాత కూడా కొద్ది క్షణాలు ఈ ప్రభావం ఉంటుంది. ఎంపీ3 విధానం పాటను అతి చిన్న ఖండాలుగా విడగొట్టి, ఒక్కో ఖండాన్ని వందల పౌనఃపున్య భాగాలుగా విశ్లేషిస్తుంది. స్పష్టంగా వినిపించే వాటికి ఎక్కువ బిట్లు కేటాయిస్తుంది; మరుగున పడే వాటికి తగ్గిస్తుంది, లేదా వాటిని పూర్తిగా వదిలేస్తుంది. చివరగా, తరచూ వచ్చే విలువలకు చిన్న సంకేతాలు ఇచ్చి మరికొంత స్థలం ఆదా చేస్తుంది. ఈ చివరి దశలో మాత్రం ఏ నష్టమూ ఉండదు.

ఈ విధానం రూపకల్పనలో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉన్న ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు కీలకపాత్ర పోషించారు. వారిలో ఒకరైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, వాద్యాలు లేకుండా సుజాన్ వేగా పాడిన ‘టామ్స్ డైనర్’ పాటతో పరీక్షలు జరిపారు. తోడు వాద్యాలు లేని గొంతులో చిన్న లోపమైనా దాగదు. ఫైళ్లకు ‘ఎంపీ3’ అనే పేరు 1995 జూలైలో ఖరారైంది.

తిరిగిరాని నష్టం

మృదంగంపై పడే దెబ్బ వంటి ఆకస్మిక ధ్వనులు ఈ విధానానికి కఠిన పరీక్ష. బిట్లు చాలనప్పుడు దెబ్బకు ముందే ఒక మసక శబ్దం వినిపించవచ్చు. అంతకన్నా ముఖ్యమైన విషయం, తొలగించిన సమాచారం మళ్లీ రాదు. ఎంపీ3 ఫైలును తిరిగి సీడీ రూపంలోకి మార్చితే పరిమాణం పెరుగుతుందే తప్ప నాణ్యత పెరగదు. మళ్లీ మళ్లీ కుదిస్తే నష్టం పేరుకుపోతుంది.

ఫ్లాక్ వంటి నష్టరహిత విధానాల్లో ప్రతి బిట్టూ యథాతథంగా తిరిగి వస్తుంది. అయితే ఫైలు పరిమాణం సాధారణంగా సగం వరకే తగ్గుతుంది. అందువల్ల పాత గ్రామఫోన్ రికార్డులను, టేపులను డిజిటల్ రూపంలోకి మార్చేటప్పుడు మూలప్రతిని నష్టరహితంగా భద్రపరచడం అవసరం. వినడానికి ఎంపీ3 ప్రతిని ఎప్పుడైనా దాని నుంచి తయారు చేసుకోవచ్చు. ఎంపీ3 ఒక్కటే మిగిలితే మాత్రం మూలధ్వనిని తిరిగి పొందే మార్గం లేదు.