బీరువా మీదికి ఎక్కనీయకండి!

గురక జబ్బుకు సీప్యాప్ మిషన్ కొన్నవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే దాన్ని డబ్బాలో పెట్టి బీరువా ఎక్కించేస్తారు. ఆ మొదటి నెల గట్టెక్కడం ఎలా?

గురక పెట్టేవాళ్లను చూసి ‘ఎంత ఆదమరిచి నిద్రపోతున్నాడో’ అనుకుంటాం. స్లీప్ ఆప్నియా అనే గురక జబ్బు ఉంటే అది నిద్ర కాదు, పెనుగులాట. గొంతు వెనుక కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. గురక ఠక్కున ఆగుతుంది. పది సెకన్లో, అంతకు మించో నిశ్శబ్దం. మెదడు ఉలిక్కిపడి తట్టి లేపితే, పెద్ద చప్పుడుతో మళ్లీ ఊపిరి అందుతుంది. ఊపిరి ఆగడం, సన్నగిల్లడం కలిపి గంటకు 30 సార్లు దాటితే జబ్బు తీవ్రమైనట్టే. తెల్లారాక ఆ మనిషికి ఇవేవీ గుర్తుండవు. గుర్తుండేది పక్కన పడుకున్నవాళ్లకే.

సైకిల్ ట్యూబు సూత్రం

ఒకప్పుడు జబ్బు ముదిరితే గొంతుకు రంధ్రం పెట్టేవారు. 1980లో సిడ్నీ వైద్యుడు కోలిన్ సలివన్ వాక్యూమ్ క్లీనర్ మోటారును తిరగేసి, ముక్కులోకి గాలి పంపి చూశారు. సీప్యాప్ అలా పుట్టింది. ఐదుగురు రోగులపై వచ్చిన ఫలితాలు 1981లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో అచ్చయ్యాయి. సూత్రం తేలికే. గాలి ఉన్నంతసేపు సైకిల్ ట్యూబు ముడుచుకోదు, మిషన్ మాస్కు ద్వారా గాలి పంపుతున్నంతసేపు గొంతూ అంతే.

మాస్కుతో మాలిమి

తొలి రాత్రి ముఖానికి ఏదో కట్టేసినట్టు, ఊపిరాడనట్టు ఉంటుంది. అందుకే పగలే అలవాటు మొదలుపెట్టాలి. టీవీ చూస్తూ అరగంట పెట్టుకుంటే బెదురు పోతుంది. ‘ర్యాంప్’ అనే సదుపాయం ఉంటే గాలి మెల్లగా మొదలై, నిద్ర పట్టేసరికి పుంజుకుంటుంది.

గాలి లీకవుతోందని పట్టీలు బిగించేస్తే ముక్కు మీద పుండు పడుతుంది. తప్పు చాలాసార్లు మాస్కు సైజుదే. కూర్చుని కాదు, పడుకుని, మిషన్ ఆన్ చేసి సరిచూసుకోవాలి. గుబురు మీసం, గడ్డం ఉన్నా లీకు కావొచ్చు. నోరెండిపోతుంటే గాలికి తేమ చేర్చే హ్యూమిడిఫైయర్ వాడొచ్చు. నోటితో ఊపిరి పీల్చేవాళ్లు ముక్కు, నోరు రెండూ కప్పే మాస్కుకు మారొచ్చు. హ్యూమిడిఫైయర్‌లో బోరు నీళ్లు పోస్తే తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, డిస్టిల్డ్ వాటరే పోయాలి. ముఖం జిడ్డు అంటుకునే మాస్కును రోజూ సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. పొట్ట ఉబ్బరించినా, గాలి ఎక్కువైందనిపించినా ప్రెషర్ మీరే మార్చకండి, డాక్టరుకు చెప్పండి. కరెంటు పోయే ఊళ్లలో ఇన్వర్టర్ తప్పనిసరి.

లెక్క మిషనే చెబుతుంది

ఎన్ని గంటలు వాడారో, ఎంత గాలి లీకైందో నేటి మిషన్లు నమోదు చేస్తాయి. పది రాత్రుల్లో కనీసం ఏడు రాత్రులు, నాలుగేసి గంటలు వాడితే అలవాటు పడ్డట్టు లెక్క. అది కనీస గీత మాత్రమే. మేలు చేసేది రాత్రంతా వాడడమే. మధ్యాహ్నం కునుకుకూ మాస్కు కావాల్సిందే.

పెళ్లికో పండక్కో ఊరెళ్తూ బట్టలకన్నా ముందు మిషన్‌ను సర్దుకున్నారా? ఇక అది బీరువా ఎక్కదు.